బండి ముందు కుంగకుండా గిద్దలూరు దాకా

పనీపాటా లేకుండా మార్కాపురం వైపు ఎవరైనా పోతారా అని మా వీధిలో అడిగారు. పని పెట్టుకునే పోయాను. నా సంచిలో మూరెడేసి పొడవున్న స్ప్రింగులు రెండున్నాయి, మోటారుసైకిలు ముందు షాకుల్లో వేసేవి. వాటిని మార్కాపురంలో వేయించాలి, మా ఆయన్ని వెనక ఎక్కించుకోవాలి, గిద్దలూరు దాకా తీసుకుపోవాలి. ఇంతే నా యాత్ర. కాశీకి పోయొచ్చిన వాళ్ళు కూడా నా అంత మొండిగా బయలుదేరి ఉండరు.

చీరాల

చీరాలలో మాది బట్టల కొట్టు. మా ఆయన శ్రీనివాసులుది గిద్దలూరు. మా నాన్న కొట్టు చూసుకోవడానికి అల్లుడిగా వచ్చాడు. చీరాల చేపల పులుసుకు అలవాటు పడ్డాడు గాని, మాట మాత్రం ఇప్పటికీ గిద్దలూరు మాటే. ఆయనకున్న ఒకే ఒక పిచ్చి ఆ టూరింగు బండి. సరకు తేవడానికి పోయినా, చుట్టాలింటికి పోయినా దాని మీదే.

ఒక వానాకాలం నీళ్ళు నిండిన గుంతలో బండి ముందు భాగం ఒక్కసారిగా కుంగి, ఈయన ఎగిరి పడ్డాడు. కుడి చీలమండ విరిగింది, లోపల ప్లేటు వేశారు. వెనక బ్రేకు తొక్కే కాలు అదే. ఇక బండి నడపొద్దని డాక్టరు చెప్పాడు. మనిషి కొట్లో గల్లా ముందు కూర్చుంటే మళ్ళీ లేచేది అన్నానికే. మాట్లాడిస్తే ఊఁ అంటాడు. ఇరవై ఏళ్ళు వాగి వాగి నా బుర్ర తిన్న మనిషి నోరు మూసుకు కూర్చుంటే ఆ ఇంట్లో ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి.

నేను వాడరేవు రోడ్డు మీద ఆ బండి నేర్చుకున్నాను. ఆయన మాత్రం వెనక ఎక్కలేదు. "బ్రేకేస్తే ముందర కుంగుతాది, నా పానం పోతాది" అంటాడు. ఆ మాట అబద్ధం కాదు. కంపెనీ వేసిన స్ప్రింగులు మెత్తన. ఇద్దరెక్కి సామాను కట్టి బ్రేకు పట్టామంటే బండి సాష్టాంగ నమస్కారం పెడుతుంది.

ఈలోగా గిద్దలూరులో ఉన్న ఆయన పెదనాన్న కొడుకు రంగయ్య బావగారు బండి నేను కొంటానన్నారు. ఈయన సరేనన్నాడు. నేను ససేమిరా అన్నాను. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. గట్టి స్ప్రింగులు వేయిస్తాను. ఆయన వెనక కూర్చుని మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా రావాలి. దారిలో బండి ఆయన్ని భయపెడితే, గిద్దలూరులోనే తాళాలు బావగారి చేతిలో పెట్టి బస్సులో తిరిగొస్తాం. భయపెట్టకపోతే బండి మాతోనే ఇంటికొస్తుంది.

అయితే మార్కాపురం దాకా పాత స్ప్రింగుల మీద ఎక్కనన్నాడు. ఆయన బస్సెక్కాడు, నేను బండెక్కాను. ఒకే ఇంటి నుంచి ఒకే ఊరికి మొగుడూ పెళ్ళాం ఇట్లా పోవడం మా వీధి వాళ్ళకు బాగానే కాలక్షేపమైంది.

పొదిలి

ఒంగోలు దాటి చీమకుర్తి వచ్చేసరికి గ్రానైటు లారీలు, వాటి కింద నలిగిన రోడ్డు. ప్రతి గుంతకూ ముందు షాకులు అడుగంటి "ధడ్" మంటున్నాయి. ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఇదే కదా ఆయన్ని పడేసిందని ఒళ్ళు మండింది.

పొదిలిలో ఉగ్గాని తిన్నాను. మేం మరమరాలనే వాటిని ఇటు బొరుగులంటారు. వాటిని నానబెట్టి పిండి, పుట్నాల పొడి వేసి తాలింపు పెట్టి, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. ముప్పై రూపాయలు. మా చీరాలలో ఆ డబ్బుకు పెసరట్టు సగం కూడా రాదు. బజ్జీలో మిరపకాయ మాత్రం మా ఊరి మిరపకాయ కాదు, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ప్లేటు ఇచ్చినామె నా ముందు చెంబెడు నీళ్ళు పెట్టి, అడగకముందే మళ్ళీ నింపింది. నీళ్ళు కొనుక్కుని తాగే ఊళ్ళలో ఇంత ధారాళంగా పోయడం చూసి నాకే మొహమాటమేసింది. మా దగ్గర కొళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, అయినా హోటల్లో గ్లాసు రెండోసారి నింపమంటే మొహం చిట్లిస్తారు.

మార్కాపురం, శనివారం

మా ఆయన నాకంటే ముందే దిగి చెన్నకేశవులు షెడ్డులో కూర్చుని ఉన్నాడు. చెన్నకేశవులు ఈయన చిన్ననాటి స్నేహితుడు, మెకానిక్కు. బండ్ల విషయంలో మా ఆయన నమ్మే మనిషి భూప్రపంచంలో ఈయనొక్కడే. షెడ్డు ముందు నేలంతా పలక రాయి పరిచారు. మా తరం అ ఆలు దిద్దిన పలకలన్నీ ఈ ఊరివేనని గుర్తొచ్చి, చెప్పులతో తొక్కడానికి కాసేపు మనసొప్పలేదు.

స్ప్రింగులు సంచిలోంచి తీయబోతే చెన్నకేశవులు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. శనివారం ఇనుము గడప దాటి లోపలికి తీసుకోడట. పోనీ బండి బయటే విప్పమన్నాను. షాకుల్లో పొయ్యడానికి నూనె కావాలి కదా, అదీ శనివారం కొనకూడదన్నాడు.

నేను ఊరుకోలేదు. నూనె నేనే కొంటానని పక్కనున్న స్పేరుపార్టుల దుకాణానికి పోయాను. గల్లా దగ్గర నా వయసు ఆమె కూర్చుని ఉంది, నుదుట రూపాయంత బొట్టు. డబ్బా అడిగాను. ఎవరికి, ఏ బండికి, ఎందుకని వరసగా అడిగి, మా ఆయన కాలు సంగతి మొత్తం లాగింది.

"అమ్మితే నాకొచ్చే నష్టమేం లేదక్కా. శనివారం నూనె కొన్నోళ్ళకే కీడు. అన్న ఇప్పటికే కాలు ఇరగ్గొట్టుకోని ఉండాడు. నేనియ్యను" అంది.

ఎదురుగా అర నిండా డబ్బాలు, నా చేతిలో డబ్బులు, అయినా సరకు రాదు. మా చీరాలలోనూ శనివారం ఇనుమూ నూనే కొనని వాళ్ళున్నారు. కానీ కొనేవాడు వస్తే అమ్మనన్న కొట్టువాడిని నేనెక్కడా చూడలేదు. వ్యాపారస్తురాలిని, నాకు కోపమూ వచ్చింది, గౌరవమూ కలిగింది. పైగా ఆమె రాత్రికి మమ్మల్ని భోజనానికి పిలిచింది. జొన్నరొట్టె, గోంగూర పప్పు, గడ్డ పెరుగు. వాళ్ళింట్లో మా ఆయన చాన్నాళ్ళకు రెండు రొట్టెలు అడిగి మరీ వేయించుకున్నాడు. శనిదేవుడికి మనసులోనే దండం పెట్టాను.

మార్కాపురం, ఆదివారం

పొద్దున్నే నూనె వచ్చింది, ఇనుము గడప దాటింది. బండిని లేపి దిమ్మ మీద పెట్టి, ముందు షాకుల పై మూతలు విప్పారు. మొదటి మూత స్ప్రింగు తోపుకు ఎగిరి షెడ్డు రేకుకు తగిలింది. వంగి చూస్తున్నది నేనే. వెంట్రుకవాసిలో మూతిపళ్ళు దక్కాయి.

పాత స్ప్రింగులు తీసి కొత్తవి పక్కన పెడితే తేడా నాకే తెలిసింది. కొత్తవాటి తీగ లావు. అయితే స్ప్రింగు వేయగానే పనైపోదు. దాని మీద ఒక పైపు ముక్క పెట్టి మూత బిగిస్తారు. ఆ ముక్క ఎంత పొడవుంటే స్ప్రింగు అంత నొక్కుకుని ఉంటుంది. బండి మీద మనుషులు కూర్చుంటే ముందు భాగం ఎంత దిగుతుందో చూసి, దాన్ని బట్టి ముక్క కోయాలి. పొట్టిగా కోస్తే బండి కుంగుతుంది, పొడవుగా కోస్తే కర్రలా బిగుసుకుంటుంది. ముక్కకు చెన్నకేశవులు బోరు పైపు తెచ్చాడు. ఊరు నిండా బోర్లే కనక బోరు పైపుకు కరువు లేదు, వాటిలో నీళ్ళకే కరువని ఆయనే అన్నాడు.

ఇక కొలత. "అన్నా ఎక్కు, వదినా నువ్వుగూడ ఎక్కు, సామాను గూడ కట్టండి" అన్నాడు. ఎక్కాం. నేను మా ఆయన భుజం పట్టుకున్నాను. షాకు రాడ్డుకు వైర్లు కట్టే ప్లాస్టిక్ ట్యాగు చుట్టి, మా బరువుకు అది ఎంత జరిగిందో చెన్నకేశవులు స్కేలుతో చూశాడు. బలపంతో పైపు మీద గీత గీసి కోశాడు. ఎక్కాం, దిగాం, మళ్ళీ ఎక్కాం. మధ్యాహ్నానికి కొలత కుదిరిందన్నాడు. ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించి, డబ్బులు పుచ్చుకున్నాడు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

తర్లుపాడు దాటాక

సోమవారం పొద్దున మా ఆయన వెనక ఎక్కాడు. ఊరు దాటేదాకా హెల్మెట్టు అద్దం దించుకునే ఉన్నాడు. ఎండ లేదు, దుమ్ము లేదు. ఎందుకో నాకు అర్థమైంది, గేరు మార్చి ముందుకు పోనిచ్చాను.

బండి తీరు నాకు మొదటి మైలులోనే నచ్చలేదు. బ్రేకు వేస్తే కుంగడం లేదు, ఆ మాట నిజం. కానీ చిన్న రాయి మీద ఎక్కినా దెబ్బ సూటిగా నా మణికట్టుకు వస్తోంది. ముందు భాగం పైకి లేచి తేలిపోతున్నట్టుంది, మలుపులో హ్యాండిలు బరువే తెలియడం లేదు. తర్లుపాడు దాటాక రోడ్డుకు అతుకులేశారు. అక్కడ ప్రతి అతుక్కీ వెనక నుంచి "అబ్బా" అని వినపడుతోంది. ఆయన చీలమండలో ప్లేటు అదురుతోందట.

"చూసినావు కదా. మెత్తగుంటే కుంగుతాది, గట్టిగుంటే కుమ్ముతాది. ఇది మన రాత. రంగయ్యన్నకు ఇచ్చేద్దాం" అన్నాడు.

ఆయన గొంతులో కోపం లేదు, అదే నాకు భయమేసింది. ఒక్కసారి సరేలే అనుకున్నాడంటే ఆ మనిషిని మళ్ళీ కదిలించడం నా తరం కాదు. మళ్ళీ ఆ గల్లా, ఆ మూగతనం. నేను పళ్ళు బిగబట్టి కంభం దాకా నడిపాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. కొలత తీసింది చెన్నకేశవులు, చూసింది నేను. బరువులు మావే, సామాను మాదే. మరి తేడా ఎక్కడొచ్చింది?

కంభం

టీకొట్టు దగ్గర ఆగాం. ఆయన కుంటుతూ బెంచీ మీద కూర్చున్నాడు. నేను గ్లాసు పట్టుకుని బండి చుట్టూ తిరుగుతున్నాను. టీకొట్టతను నావైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసి, మా ఆయన్నే అడిగాడు, అన్నా ఎంత మైలేజీ ఇస్తాదని. బండి తోలుకొచ్చిన మనిషిని ఎదురుగా పెట్టుకుని వెనక కూర్చున్న మనిషిని అడిగాడు. మామూలుగా అయితే నాలుగు తగిలించేదాన్ని. నోరు తెరిచాను కూడా. అంతలో తట్టింది.

మేమూ అదే చేశాం. మార్కాపురంలో కొలతకు ఎక్కమనగానే ఆయన ముందెక్కాడు, నేను వెనకెక్కాను. ఇరవై ఏళ్ళ అలవాటు. ఆయన కాలు సంగతి తెలిసిన చెన్నకేశవులుకూ అది తప్పుగా కనిపించలేదు. బండి నేర్చుకుని, స్ప్రింగులు తెప్పించి, ఇంత రంకెలేసిన నాకూ కనిపించలేదు. ఆయన బరువు తొంభై కిలోల పైమాట, నాది అందులో సగానికి కాస్త ఎక్కువ. ముందు చక్రం మీద ఎక్కువగా పడేది ముందు కూర్చున్న వాళ్ళ బరువే. తొంభై కిలోల మనిషి ముందున్నట్టు కోసిన ముక్క నన్ను మోస్తుంటే బిగుసుకోక ఏం చేస్తుంది? నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

రోడ్డు అవతల బోరు సామాన్ల దుకాణం ఉంది. దుకాణం శెట్టిగారిని రంపం బ్లేడు, ఆకురాయి అడిగాను. ఏం కోస్తావమ్మా అంటే విషయం చెప్పాను. ఆయన కుర్చీతో సహా బయటికొచ్చి కూర్చున్నారు.

కొలత కావాలంటే ఇద్దరం బండెక్కాలి. ఈసారి సరైన వరసలో.

"వెనక ఎక్కండి" అన్నాను.

"ఈడనా? ఇంతమంది ముందరనా?" అన్నాడు మా ఆయన. టీకొట్టు దగ్గర పది మంది దాకా పోగై ఉన్నారు. కంభంలో ఆయన్ని ఎరిగిన వాళ్ళు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. పొద్దున దించిన హెల్మెట్టు అద్దం గుర్తొచ్చింది.

"ఇక్కడే. స్ప్రింగుకు మీ పరువు తెలీదు, బరువే తెలుసు. అది గుంతకు భయపడే వాళ్ళను మోస్తుంది గాని, మనుషులకు భయపడే వాళ్ళను మోయలేదు."

కటువుగానే అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. ఇక లేచి బస్టాండుకే పోతాడనుకున్నాను. గ్లాసులో మిగిలిన టీ తాగి, గ్లాసు బెంచీ మీద పెట్టి, కుంటుతూ వచ్చి వెనక ఎక్కాడు. ఎవరో కిసుక్కుమన్నారు. శెట్టిగారు అటు తిరిగి చూసేసరికి ఆగిపోయింది.

శెట్టిగారే స్కేలు పట్టారు. ట్యాగు జరగాల్సిన దాంట్లో సగం కూడా జరగలేదు. ఇంజను కింద రాళ్ళు పేర్చి ముందు చక్రం లేపాం. మూతలు విప్పింది నేను. ఒకసారి మూతి పగిలేది తప్పింది కాబట్టి ఈసారి దూరంగా నిలబడి విప్పాను. పైపు ముక్కలు వేలి వెడల్పు తగ్గించి కోసి, అంచులు ఆకురాయితో నున్నగా తీసి, పొట్టు నూనెలో పడకుండా తుడిచాను. మూత తిరిగి బిగించడం మాత్రం నా వల్ల కాలేదు. కింద నుంచి స్ప్రింగు తన్నుతుంటే మర పట్టడం లేదు. మా ఆయన దిగి, మంచి కాలు మీద నిలబడి, మూత మీద తన బరువంతా వేసి నొక్కాడు. నేను స్పానరు తిప్పాను. రెండూ పట్టాయి.

మళ్ళీ ఎక్కి చూస్తే కొలత కుదిరింది. శెట్టిగారు బ్లేడుకు డబ్బు తీసుకోలేదు. నీళ్ళు తాగి పొమ్మన్నారు. ఈసారి నేనే రెండో చెంబు అడిగాను.

బేస్తవారిపేట దాటి

కుడివైపు నల్లమల కొండలు దగ్గరయ్యాయి. రోడ్డు పక్కన పొగాకు తోటలు, కంది చేలు. బండి ఇప్పుడు గుంతలో దిగి, తొణక్కుండా లేస్తోంది. వెనక నుంచి "అబ్బా" రావడం లేదు. బాగుందా అని అడగాలని నాలిక మీదికొచ్చింది, కానీ అడగలేదు. నేనడిగితే కాదనడం ఆయనకు అలవాటు.

ఒక మలుపు తిరిగాను, ఎదురుగా రోడ్డంతా గొర్రెలు. మందలో సగం ఇటు, సగం అటు. ఒక పిల్ల సరిగ్గా నడిమధ్యన నిలబడి నన్నే చూస్తోంది. రెండు బ్రేకులూ గట్టిగా పట్టాను. ఆయన చేతులు నా భుజాల మీద బిగిశాయి. ఈ చప్పుడుకే, ఈ కుదుపుకే ఆయన ఇన్నాళ్ళుగా భయపడుతున్నాడు. బండి కొంచెం వంగింది, అక్కడికి ఆగింది, నిలబడింది. గొర్రెపిల్లకూ ముందు చక్రానికీ మధ్య ఇంకో గొర్రె పట్టేంత ఎడముంది.

ఇంజను ఆపాను. ఆయన చేతులు ఇంకా నా భుజాల మీదే ఉన్నాయి. భుజాన గొంగడేసుకున్న కాపరి పెద్దాయన నింపాదిగా వచ్చి పిల్లను చంకనెత్తుకున్నాడు. మమ్మల్ని ఎగాదిగా చూసి మా ఆయన్ని అడిగాడు.

"ఏంది నాయనా, ఆడమనిషి తోలతాంటే నువ్వు ఎనకాల కూచున్నావు?"

మా ఆయన హెల్మెట్టు అద్దం పైకెత్తాడు.

"కాలు ఇరిగింది మామా. ఇప్పుడు ఆమే తోలతాది" అన్నాడు.

పెద్దాయన అట్లనా అని తలూపి, మందను అదిలించుకుంటూ పోయాడు. అంతే. ఇందుకోసమా ఇన్నాళ్ళు ఇంట్లో మగ్గింది అనిపించింది. గొర్రెలన్నీ దాటేదాకా ఆయన వాటి పేర్లు చెబుతూనే ఉన్నాడు, ఇది పొట్టేలు, అది చూడి గొర్రె అని. నాకు తెలియక కాదు, వింటూ కూర్చున్నాను.

గిద్దలూరు

రంగయ్య బావగారు వాకిట్లోనే ఎదురుచూస్తున్నారు. భారీ మనిషి, పెద్ద మీసం, గిద్దలూరు బజారులో ఎరువుల వ్యాపారం. మమ్మల్ని ఆ వరసలో చూసి మీసం కింద నవ్వుకున్నారు గాని, మర్యాదస్తులు కాబట్టి ఏమీ అనలేదు. బావగారి భార్య అక్కయ్య వేడివేడి సంగటి, నాటుకోడి పులుసు పెట్టింది. మా ఆయన తింటున్నంతసేపూ మార్కాపురం శనివారం సంగతి, ఎగిరిన మూత సంగతి చెప్పి అందర్నీ నవ్వించాడు. నేను మాత్రం సరిగా తినలేదు. బండి సంగతి ఆయన ఇంకా ఎత్తలేదు. నేను అడగనని ఒట్టేసుకున్నాను.

తెల్లవారి టిఫిను అయ్యాక బావగారు చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చారు. బండి సెంటరు స్టాండు మీద ఉంది. చుట్టూ తిరిగి చూసి, తాళాలియ్యి శ్రీనూ, ఒక రౌండు ఏసొస్తా అన్నారు. మా ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. నేను గడపలో నిలబడ్డాను.

"నీకు కుదరదు అన్నా" అన్నాడు మా ఆయన.

"ఏంది కుదరంది? మాట ఇచ్చినావు కదా."

"ఇచ్చినా. కానీ ఇప్పుడిది మా ఇద్దరికే కొలిచి పెట్టిన బండి. ఆమె ముందర, నేను ఎనకాల. ఇంకెవురు కూచున్నా సరిపోదు. నీకింకోటి నేనే చూసిపెడతా."

జేబులోంచి తాళాలు తీసి, బావగారిని దాటుకుని వచ్చి నా చేతిలో పెట్టాడు. బావగారు మీసం దువ్వుకుని, సరేలే, చేసేదేముంది అన్నారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

సామాను సర్దుతానని లోపలికి పోయాను. అక్కయ్య కందిపప్పు, మిరపకాయలు మూట కట్టి ఇస్తుంటే వద్దనీ అనలేక, తీసుకోనూ లేక ఆలస్యమైంది. మూట పట్టుకుని బయటికొచ్చేసరికి వీధిలో జనం తిరుగుతున్నారు, ఎదురింటి వాళ్ళు అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. మా ఆయన అప్పటికే హెల్మెట్టు పెట్టుకుని, అద్దం పైకెత్తి, వెనక సీటు మీద కూర్చుని ఉన్నాడు. ముందు సీటు ఖాళీగా ఉంది.